దొంగల ముఠా ఆట: ఏ నియమాలు ఎంచుకోవాలి, ఏ ఊరికి మార్చుకోవాలి

నలుగురైదుగురు మిత్రులు బల్ల చుట్టూ కూర్చుని దొంగల ముఠాగా పాత్రలు ధరించి ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్‌ను నడపాలనుకునేవారు నియమాల పుస్తకం కొనేముందు తమ ఆటగాళ్లను ఒక ప్రశ్న అడిగి తీరాలి: సొత్తుతో అడ్డాకు చేరిన మర్నాడు ఈ ముఠాకు ఏమవుతుంది? ఏమీ కాదు, కథ అక్కడితో అయిపోతుంది అని వారు అంటే ఒక రకం ఆట సరిపోతుంది. మరో సాహసానికి బయలుదేరుతుంది అంటే ఇంకో రకం కావాలి. పోలీసులు వెతుకుతుంటారు, పక్క పేట ముఠా పగబడుతుంది, వాటాల దగ్గర పేచీ వస్తుంది, అయినా మన పేరు ఊరంతా మోగుతుంది అని కళ్లు మెరిపిస్తూ చెబితే మాత్రం వారికి కావలసింది జాన్ హార్పర్ రచించిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్. పుస్తకాల అట్టలు, నేపథ్యాలు, పాచికల రకాలు చూసి ఎంచుకున్నవారు మూడో సెషన్‌కే విసిగిపోవడం నేను చూశాను కనుక, ఈ పోలికనంతా ఆ మర్నాటి చుట్టూనే తిప్పుతున్నాను.

మర్నాడు అక్కరలేనివారి సంగతి త్వరగా చెప్పవచ్చు. గ్రాంట్ హౌవిట్ 2017లో రాసిన హనీ హైస్ట్ ఒకే ఒక్క పేజీ ఆట. ఆటగాళ్లంతా ఎలుగుబంట్లు, తేనె వ్యాపారుల సమావేశంలో తేనె దొంగిలించాలి. ప్రతి పాత్రకూ ఎలుగు, నేరగాడు అనే రెండు అంకెలే ఉంటాయి, రెండూ మూడుతో మొదలవుతాయి; పథకం బెడిసినప్పుడు ఒక పాయింటు ఎలుగు వైపుకు, పారినప్పుడు నేరగాడి వైపుకు జరుగుతుంది, ఏదో ఒకటి ఆరుకు చేరితే ఆ పాత్ర కథ ముగుస్తుంది. ఎన్నడూ ఇలాంటి ఆట ఆడని బంధువులను కూర్చోబెట్టి అలవాటు చేయడానికి ఇంతకంటే మంచిది నాకు తెలియదు. జేసన్ మార్నింగ్‌స్టార్ 2009లో తెచ్చిన ఫియాస్కో దీనికంటే బరువైనది. ముగ్గురి నుంచి ఐదుగురి వరకు ఆడవచ్చు, కథను నడిపే గేమ్ మాస్టర్ ఉండరు, ముందస్తు తయారీ ఉండదు, రెండు అంకాలలో ఒక్క సాయంత్రానికి కథ పూర్తవుతుంది. పెద్ద ఆశ, చిన్న బుద్ధి ఉన్న మనుషులు తమ పథకంతో తామే నాశనమయ్యే కథలు అందులో పుడతాయి. తన పాత్ర గెలవాలని పట్టుబట్టే ఆటగాడు ఉంటే ఫియాస్కో జోలికి పోకండి. ఓడిపోవడంలో ఉన్న నాటకాన్ని ఆస్వాదించగలవారికే అది పండుతుంది.

ఇప్పటికే డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే మంత్రతంత్రాల సాహసాల ఆట ఆడుతున్న బృందాలు సహజంగానే, కొత్త నియమాలు నేర్చుకోవడం ఎందుకు, దీనిలోనే దొంగతనం ఆడదాం అనుకుంటాయి. అది తప్పు ఆలోచన కాదు. 2023లో వచ్చిన కీస్ ఫ్రమ్ ద గోల్డెన్ వాల్ట్ అనే సంకలనంలో 13 దొంగతనాల కథలున్నాయి. ఆటగాళ్ల చేతికి ముందుగానే భవనపు పటం ఇచ్చి, దాని మీద వేళ్లు పెట్టి వాదించుకోనిచ్చే పద్ధతి అందులో బాగుంది. పటం ముందు గంటలకొద్దీ కూర్చుని ఎవరు ఎటు వెళ్లాలో, కాపలావాడు ఎప్పుడు మారతాడో లెక్కలు కట్టడమే కొందరికి అసలు ఆనందం. మీ బృందం అలాంటిదైతే నిస్సంకోచంగా దీన్నే ఎంచుకోండి, ఎందుకంటే బ్లేడ్స్ ఆ ఆనందాన్ని కావాలనే తీసివేస్తుంది.

అయితే రెండు చిక్కులున్నాయి. మొదటిది మంత్రాలు. మూడో స్థాయికి చేరిన మాంత్రికుడికి అదృశ్యం కావడం, తాళం తెరవడం, ఎదుటివారి ఆలోచనలు చదవడం అందుబాటులోకి వస్తాయి. వీటిని లెక్కలో పెట్టుకోకుండా కట్టిన ఖజానా పది నిమిషాలు నిలవదు. నియమాలలోనే దీనికి కొంత విరుగుడు ఉంది: నాక్ మంత్రంతో తాళం ఊడేటప్పుడు 300 అడుగుల దూరం వరకు వినిపించే చప్పుడు అవుతుంది. కథ నడిపేవారు మంత్రాన్ని నిషేధించేకంటే ఇలాంటి ఖరీదులను గుర్తుంచుకుని వసూలు చేయడమే న్యాయం.

రెండోది గుంపుగా నక్కి వెళ్లడం. నలుగురిలో ఒక్కొక్కరికి గెలిచే అవకాశం 70 శాతం ఉందనుకుంటే, నలుగురూ విడివిడిగా పాచిక వేసి అందరూ గెలవాలని షరతు పెడితే ముఠా చప్పుడు లేకుండా దాటే అవకాశం 24 శాతానికి పడిపోతుంది. నాలుగింట మూడుసార్లు గోడ దగ్గరే పట్టుబడే ముఠాతో దొంగతనం కథ సాగదు. నిజానికి సగం మంది గెలిస్తే అందరూ గెలిచినట్లే అనే నియమం ఆ ఆట నియమాల పుస్తకంలోనే ఉంది. దాన్ని వాడితే అదే అవకాశం దాదాపు 92 శాతానికి పెరుగుతుంది. చాలామంది ఆ పేజీని మరచిపోతారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ముఠా కథ నడపదలచినవారికి నా మొదటి సలహా ఆ ఒక్క నియమాన్ని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఎదురుగా పెట్టుకోమనే.

బ్లేడ్స్ ఇన్ ద డార్క్ 2017లో ఎవిల్ హ్యాట్ ప్రచురణగా వచ్చింది. ఇందులో పాత్రలకు మాత్రమే కాక ముఠాకు కూడా ఒక పత్రం ఉంటుంది. హంతకులు, వస్తాదులు, గుప్త ఉపాసకులు, దొంగసరుకు అమ్మేవారు, కన్నపుదొంగలు, స్మగ్లర్లు అనే ఆరు రకాల నుంచి ముఠాను ఎంచుకుంటారు. పథకం వేయడానికి గంటలు పట్టదు. దాడి, మోసం, చాటుగా చొరబడటం, మంత్రశక్తి, పరిచయం, రవాణా అనే ఆరు తీరుల్లో ఒకదాన్ని ఎంచుకుని, దానికి కావలసిన ఒకే ఒక్క వివరం చెబితే చాలు. చాటుగా వెళ్లేటట్లయితే ఎక్కడి నుంచి చొరబడతారో చెప్పాలి, అంతే. వెంటనే ఒక పాచిక పందెం, ఆపైన కథ నేరుగా పని మధ్యలో తెరుచుకుంటుంది. ఏ పనిముట్లు తెచ్చుకున్నారో కూడా ముందుగా రాయనక్కరలేదు; తేలిక, మామూలు, బరువు అని చెప్పి వరుసగా మూడు, ఐదు, ఆరు మేరకు మోసే బరువును నిర్ణయించుకుంటే, అవసరం వచ్చినప్పుడు సంచిలోంచి తాడు తీయవచ్చు.

మరి పథకం ఎక్కడికి పోయింది? ఫ్లాష్‌బ్యాక్‌లోకి పోయింది. ఈ మాటను తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. విరామం తరువాత కథ వెనక్కి వెళ్లి అసలు సంగతి చెప్పడం మనం చిన్నప్పటి నుంచి తెర మీద చూస్తున్నదే. కాపలాదారు ఎదురుపడ్డాక ఆటగాడు, నిన్న సాయంత్రమే ఇతనికి కల్లు పోయించి మంచి చేసుకున్నాను అని చెప్పవచ్చు. అది మామూలు పనైతే ఉచితం, కాస్త అరుదైనదైతే ఒక స్ట్రెస్ (పాత్ర మీద పడే ఒత్తిడికి గుర్తు), మరీ విస్తారమైన ఏర్పాటైతే రెండు లేదా అంతకంటే ఎక్కువ. జరిగిపోయినదాన్ని మాత్రం ఫ్లాష్‌బ్యాక్ చెరిపివేయలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఇంటి దొంగను ఆట మధ్యలో పుట్టించే వెసులుబాటు ఈ నియమం ఇస్తుంది.

గుంపుగా నక్కి వెళ్లే లెక్కను ఇక్కడ పోల్చి చూడాలి. ఒకరు నాయకత్వం వహిస్తారు, అందరూ పాచికలు వేస్తారు, వాటిలో అన్నిటికంటే మంచి ఫలితమే అందరికీ వర్తిస్తుంది. కానీ మూడు లేదా అంతకంటే తక్కువ పడ్డ ప్రతి మనిషికీ నాయకుడు ఒక స్ట్రెస్ చొప్పున మోయాలి. ఒక్కో పాచికే ఉన్న నలుగురు కలిసి వెళితే అందరూ విఫలమయ్యే అవకాశం ఆరు శాతమే, అయితే సగటున రెండు స్ట్రెస్ నాయకుడి మీద పడుతుంది. అనుభవం లేనివారిని వెంటబెట్టుకు వెళ్లే పెద్దదొంగ ఎంత అలసిపోతాడో ఈ నియమం ఆ మనిషికి తెలిసేటట్టు చేస్తుంది. రెండు ఆటల్లోనూ ముఠా లోపలికి వెళుతుంది, కానీ బ్లేడ్స్‌లో ఎవరో ఒకరు దాని బరువు మోసినట్టు పత్రం మీద గుర్తు మిగులుతుంది, ఆ గుర్తే మర్నాటి కథ అవుతుంది.

స్ట్రెస్ గళ్లు తొమ్మిది. అవి నిండితే మనసు మీద శాశ్వతమైన గాయం ఒకటి పడుతుంది, నాలుగో గాయంతో ఆ పాత్ర ముఠా జీవితానికి స్వస్తి చెప్పాలి. స్ట్రెస్ తగ్గాలంటే పాత్ర తన వ్యసనానికి లొంగాలి. ముఠా మీద పోలీసుల కన్ను ఎంత పడిందో కొలిచే హీట్ అనే మరో తొమ్మిది గళ్ల వరుస ఉంటుంది. చప్పుడు లేకుండా ముగిసిన పని దాన్ని కదపదు, గందరగోళంగా సాగిన పని నాలుగు గళ్లు నింపుతుంది, పనిలో ఎవరైనా చనిపోతే మరో రెండు అదనం. గళ్లు నిండితే ముఠా కోసం వెతుకులాట తీవ్రమవుతుంది. దాన్ని తగ్గించడానికి ఎవరో ఒకరు జైలుకు పోవలసి వస్తుంది. పనికీ పనికీ నడుమ ఒక్కొక్కరికి రెండేసి వ్యవహారాలు చక్కబెట్టుకునే తీరిక దొరుకుతుంది. గాయం మాన్పుకోవాలా, హీట్ తగ్గించాలా, వ్యసనం తీర్చుకోవాలా అన్న తర్జనభర్జన అక్కడే మొదలవుతుంది. మా బల్ల దగ్గర కన్నీళ్లు పెట్టించిన ఘట్టాలు దొంగతనాలలో రాలేదు, ఈ తీరిక సమయంలోనే వచ్చాయి.

బ్లేడ్స్ గేమ్ మాస్టర్‌ను బాగా శ్రమపెడుతుందన్నది దాచకూడదు. ఆరు ముఖాల పాచికలు వేసి వాటిలో పెద్ద అంకెను చూస్తారు: మూడు లేదా అంతకంటే తక్కువ అయితే వైఫల్యం, నాలుగు లేదా ఐదు అయితే పని అవుతుంది గానీ ఒక చిక్కు వస్తుంది, ఆరు అయితే పూర్తి విజయం. రెండు పాచికలు వేసినా మూడు వేసినా ఆ నడిమి ఫలితం వచ్చే అవకాశం సుమారు 45 శాతం. అంటే ఒక సాయంత్రంలో దాదాపు సగం పందేలకు గేమ్ మాస్టర్ అప్పటికప్పుడు ఒక చిక్కును కల్పించాలి, అది ప్రతిసారీ కాపలాదారు అడుగుల చప్పుడే అయితే ఆట చప్పబడుతుంది. ఈ శ్రమను భరించే ఉపాయం క్లాక్‌లే. నాలుగు, ఆరు లేదా ఎనిమిది ముక్కలుగా కోసిన వృత్తాలు గీసి, ఒకదానికి ఇంటివారికి అనుమానం అని, మరోదానికి చంద్రోదయం అని పేరు పెట్టి బల్ల మధ్య ఉంచండి; ఏమీ తోచనప్పుడు ఒక ముక్క నింపండి. మొదటి నెలలో నేను క్లాక్‌లను నా నోటుబుక్కులో దాచుకుని పొరపాటు చేశాను. అవి ఆటగాళ్ల కళ్ల ముందు ఉన్నప్పుడే భయం పుడుతుందని తరువాత తెలిసింది.

ఇదే చట్రం అంతరిక్షంలో కావాలంటే 2018లో వచ్చిన స్కమ్ అండ్ విలనీ ఉంది. అక్కడ ముఠా రకాలకు బదులుగా మూడు ఓడలుంటాయి, పందేనికి అదనపు పాచిక ఇచ్చే గ్యాంబిట్ల నిల్వను అందరూ కలిసి వాడుకోవడం వల్ల ఆట కొంత హుషారుగా, తక్కువ చీకటిగా సాగుతుంది. మనుషులను చంపడం, వ్యసనాలు, జైలు వంటి విషయాలతో ఇబ్బంది పడే బృందానికి బ్లేడ్స్ కంటే ముందు దీన్ని సూచిస్తాను.

ఊరు మార్చుకునేవారికి

బ్లేడ్స్ కథ డాస్క్‌వోల్ అనే కల్పిత నగరంలో జరుగుతుంది. సూర్యుడు బద్దలైన లోకం, ఊరి వెలుపల ప్రేతాలు, వాటిని ఆపడానికి నగరం చుట్టూ మెరుపుల కంచె, ఆ కంచెకు కావలసిన శక్తి కోసం సముద్రంలో భూతాలను వేటాడే ఓడలు. ఇది మన ఊరు కాదు కదా, దయ్యాలు తీసేసి నియమాలు మాత్రం వాడుకుందాం అని చాలామందికి తోస్తుంది. నాకూ తోచింది. అయితే దయ్యాలు అక్కడ అలంకారంగా లేవు, పని చేస్తున్నాయి. డాస్క్‌వోల్‌లో ఎవరు చనిపోయినా శ్మశానవాటికలో గంటలు మోగుతాయి, ఒక కాకి శవాన్ని వెతుక్కుంటూ ఎగురుతుంది, ప్రేతాలను అదుపుచేసే ముసుగు అధికారులు దాని వెంట వస్తారు. అందుకే అక్కడి దొంగలు హత్యకు జంకుతారు. కంచె దాటితే బతుకు లేదు కనుక ఎంత తప్పు చేసినా అదే ఊళ్లో, అదే శత్రువుల మధ్య బతకాలి. ఈ రెండింటినీ తీసివేసి వేరేదీ పెట్టకపోతే మీ ముఠా ఎదురుపడ్డవారినల్లా చంపి, మర్నాడు రైలెక్కి పోతుంది.

నియమాలలోనూ ఇలాంటి ముడులున్నాయి. ప్రేతలోకంతో సంధానమయ్యే అట్యూన్ అనే చర్య దయ్యాలు లేని ఊళ్లో అనవసరమని కొట్టివేస్తే, పన్నెండు చర్యల పట్టికలో మనోబలానికి చెందిన నాలుగు మూడుగా మారతాయి. ఆపదను తట్టుకునేటప్పుడు వేసే పాచికల సంఖ్య ఎన్ని చర్యలలో ప్రవేశం ఉందన్న దాని మీదే ఆధారపడుతుంది కనుక, బెదిరింపులకూ మానసిక ఒత్తిడికీ ఆ చర్యలో ప్రవేశం ఉన్న పాత్రలన్నీ కాస్త బలహీనపడతాయి. కాబట్టి తీసినచోట తప్పక మరొకటి పెట్టాలి.

మేము ఎంచుకున్న ఊరు యానాం. గోదావరి గౌతమీ పాయ ఒడ్డున ఉన్న ఆ చిన్న పట్టణం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉంది, చుట్టూ ఉన్నది 1953 దాకా మద్రాసు ప్రభుత్వ పాలనలో ఉన్న గోదావరి ప్రాంతం. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలులోకి వచ్చింది, ఫ్రెంచి నేలపై అది వర్తించదు. స్మగ్లర్ల ముఠాకు ఇంతకంటే అనువైన పటాన్ని ఊహించి గీయడం కష్టం. కానీ డాస్క్‌వోల్ కంచె మనుషులను లోపల బంధిస్తే, యానాం సరిహద్దు వారిని తప్పించుకోనిస్తుంది, కనుక నియమాన్ని అలాగే వాడితే ఫలితం తలకిందులవుతుంది. మేము హీట్‌ను రెండు వరుసలుగా విడదీశాము: ఒకటి ఫ్రెంచి పోలీసులది, రెండోది మద్రాసు పోలీసులది. ఒక వైపు పెరిగినప్పుడు ముఠా రెండో వైపు తలదాచుకోవచ్చు, కానీ అక్కడ చేసే ప్రతి పనీ ఆ వరుసను నింపుతుంది. రెండూ నిండిన రోజున ఏటి మధ్య లంకలు తప్ప చోటు మిగలదు. ఒకే వరుసను రెండు చేయడం చిన్న మార్పే అయినా ఆటలో సగం వ్యూహం దాని నుంచే పుట్టింది.

హత్యకు గంటల బదులు బంధుత్వాన్ని పెట్టాము. అంత చిన్న ఊళ్లో చనిపోయినవాడు ఎవరో ఒకరికి మేనల్లుడో వియ్యంకుడో అవుతాడు, కాబట్టి అదనపు హీట్‌తో పాటు ఏదో ఒక వర్గంతో సంబంధం ఒక మెట్టు దిగజారుతుంది. అట్యూన్ స్థానంలో శకునం వచ్చింది. దయ్యం ఉందో లేదో ఆట తేల్చనక్కరలేదు. పిల్లి ఎదురైతే పడవ కట్టేసే సరంగు, సోది చెప్పించుకోకుండా గడప దాటని వ్యాపారి ఉంటే చాలు, వారి నమ్మకాన్ని చదివి వాడుకోగలవాడికి ఆ చర్య ఉపయోగపడుతుంది.

తెలుగు నేల మీద ఇలాంటి కథ నడిపేవారికి ఒక హెచ్చరిక చెప్పకుండా ఉండలేను. 1871లో మొదలై 1911 తరువాత మద్రాసు ప్రాంతానికీ విస్తరించిన నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలలో పుట్టినవారినందరినీ పుట్టుకతోనే దొంగలుగా ముద్రవేసింది; స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లు ఆ కాలంలో వెలిసినవే. చట్టం 1952లో దేశమంతటా రద్దయినా మచ్చ ఇంకా మాసిపోలేదు. మీ ముఠాను గానీ శత్రుముఠాను గానీ ఒక కులంగా చిత్రించకండి. ఎవరు ఏ అవసరంతో, ఏ అప్పుతో, ఏ పగతో ఈ దారికి వచ్చారో ఒక్కొక్క పాత్రకూ అడగండి. పాత్ర తయారుచేసుకునే సమయంలోనే ఈ మాట అందరితో అనుకుని మొదలుపెట్టండి.

భాష విషయంలో మా అనుభవం చెబుతాను. మొదట ఇంగ్లీషు పదాలన్నీ అలాగే వాడాము. ప్రతి పందేనికీ ముందు పరిస్థితి ఎంత ప్రమాదకరమో చెప్పే కంట్రోల్డ్, రిస్కీ, డెస్పరేట్ అనే మూడు మాటలు పలికినప్పుడల్లా కథ ఆగిపోయి నియమం మొదలైనట్టు అనిపించేది. వాటిని మన చేతిలో ఉంది, ముప్పుంది, ప్రాణం మీదికొచ్చింది అని మార్చిన రోజు నుంచి ఆ మాటలు కథలో భాగమయ్యాయి. స్ట్రెస్, హీట్, ఫ్లాష్‌బ్యాక్ మాత్రం అలాగే ఉంచాము, అవి అందరి నోటా ఆడేవే. నియమాల మూలపాఠం క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ లైసెన్సు కింద అందుబాటులో ఉన్నందున, మూలకర్తను పేర్కొంటూ మీ తెలుగు రూపాన్ని నలుగురికీ పంచవచ్చు. డాస్క్‌వోల్ పేర్లు, చరిత్ర మాత్రం అందులోకి లాగకుండా మీ ఊరిని మీరే కట్టుకోండి.

చివరిగా, ఎంతకాలం ఆడించాలన్నది ముందే నిర్ణయించుకోవడం మంచిది. మేము మొదటి సాయంత్రమే ఎనిమిది ముక్కల క్లాక్ ఒకటి గీసి దాని కింద విలీనం అని రాశాము. ప్రతి రెండు పనులకూ ఒక ముక్క నిండుతుంది. అది పూర్తయిన రోజున ఫ్రెంచి జెండా దిగుతుంది, సరిహద్దు దాటితే చాలన్న భరోసా పోతుంది. ఆటగాళ్లందరికీ ఆ రోజు వస్తుందని తెలుసు కాబట్టి, ఐదో ముక్క నిండేసరికి వారు ఏ సరుకు దాటించాలన్న మాట మాని, దాచిన డబ్బుతో ఎవరు ఎక్కడ స్థిరపడాలన్న మాట మొదలుపెట్టారు.